మాంజా నుంచి పక్షుల్ని కాపాడడం ఎలా: పండగకి ముందు, పండగ నాడు, పండగ అయ్యాక

మా అపార్ట్‌మెంట్ గోడ పక్కన ఒక వేపచెట్టు ఉంది. కొన్నేళ్ళ కిందట ఫిబ్రవరి చివర్లో, అంటే సంక్రాంతి వెళ్ళి నెల దాటాక, దాని కొమ్మకి ఒక పావురం తలకిందులుగా వేలాడుతూ కనబడింది. రెక్కకి మాంజా, అంటే గాజుపొడి పూసిన గాలిపటం దారం, చుట్టుకుంది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. దారం పట్టుకుని గుంజి తెంపాను. కిందికి తెచ్చాక జాలేసి, ముక్కు తెరిచి నాలుగు చెంచాల నీళ్ళు పోశాను. అరగంటలో చచ్చిపోయింది. తర్వాత ఒక పశువుల డాక్టరుగారికి ఇదంతా చెబితే, "నిచ్చెన వెయ్యడం వరకు బాగానే చేశారండీ" అన్నారు.

ఆయన దగ్గర, ఆ తర్వాత పక్షుల్ని కాపాడే కుర్రాళ్ళ వెంట తిరిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేనుండేది హైదరాబాద్ కాబట్టి ఇక్కడి సంగతులే చెబుతాను. గాలిపటాలు ఎగిరే ఊరు ఏదైనా పద్ధతి మాత్రం ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. అందరూ పండగ మూడు రోజుల గురించే మాట్లాడతారు. ఆ మూడు రోజులూ అయ్యాక చెట్ల మీద, నీళ్ళ ట్యాంకుల మీద, సెల్ టవర్ల మీద మిగిలిపోయిన దారాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ పనికి మీరు ఏడాదికి ఒక్క రోజే ఇవ్వగలిగితే, ఆ రోజు కనుమ మర్నాడు ఇవ్వండి. ఎందుకో కింద వస్తుంది.

ముందు దారాన్ని గుర్తుపట్టండి

చైనా మాంజా అంటాం గానీ అది చైనా నుంచి దిగాలనేం లేదు, మన దేశంలోనే తయారవుతుంది. నైలాన్ లాంటి ప్లాస్టిక్ పోగు, దానిమీద గాజుపొడి పూత. కొన్నిట్లో లోహపు పొడి కూడా కలుపుతారు, అది కరెంటు తీగలకి తగిలితే షాక్ కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ఇలాంటి దారాన్ని నిషేధించింది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధం పెట్టింది. అయినా అడిగే విధంగా అడిగితే కౌంటరు కింది నుంచి తీసి ఇచ్చేవాళ్ళున్నారు. 2024 సంక్రాంతి అప్పుడు లంగర్‌హౌజ్ దగ్గర బండి మీద ఇంటికెళ్తున్న ఒక సైనికుడు మాంజాకి గొంతు తెగి చనిపోయాడు. మనిషి గొంతే కోసే దారం పిట్ట రెక్కని ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు జానెడు దారం తీసుకుని రెండు చేతులతో లాగి చూడండి. నూలైతే పుటుక్కున తెగుతుంది. ప్లాస్టిక్ అయితే కాస్త సాగుతుంది, వేళ్ళు కోసుకుపోతాయే గానీ అది తెగదు. ఇంకా అనుమానం ఉంటే కొసని అగ్గిపుల్లతో అంటించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. ప్లాస్టిక్ కరిగి చిన్న గట్టి పూసలా ముడుచుకుంటుంది.

"నూలు మాంజానే కదా, ఏం కాదు" అనే మాట కూడా తరచూ వింటాం. గాజుపొడి పూసిన నూలు కూడా రెక్కని కోస్తుంది. తేడా ఏమిటంటే గట్టిగా గింజుకుంటే అది తెగుతుంది, చెట్టు మీద మిగిలినా ఎండకీ వానకీ చివికిపోతుంది. ప్లాస్టిక్ దారం అలా పోదు. కాబట్టి ఇంట్లో పిల్లలకి పూత లేని సాదా నూలు దారమే కొనివ్వండి. "దాంతో పేంచ్ వెయ్యలేం అంకుల్" అంటారు, అంటే అవతలి పతంగి దారాన్ని మన దారంతో తెంపే పోటీ. నిజమే, అబద్ధం చెప్పి ఒప్పించకండి. పేంచ్‌లో గెలవడం కష్టం, ఎగరెయ్యడంలో మాత్రం ఏ లోటూ ఉండదు అని ఉన్నమాట చెప్పండి. మా మేడ మీద సగం మంది ఒప్పుకున్నారు. మిగతా సగంతో ఏటా అదే గొడవ.

షాపులో చైనా మాంజా అమ్ముతుంటే అక్కడ వాదన పెట్టుకోవద్దు. షాపు పేరు, వీధి గుర్తు పెట్టుకుని 112కి ఫోన్ చెయ్యండి.

డిసెంబర్ ఆఖర్లోనే సిద్ధం చేసుకోవాల్సినవి

పక్షి చేతికొచ్చాక అట్టపెట్టె కోసం వెతుక్కుంటూ ఉంటే సగం ప్రాణం అక్కడే పోతుంది. రెండు పెట్టెలు తీసి పక్కన పెట్టుకోండి. చెప్పుల డబ్బా పావురానికీ మైనాకీ సరిపోతుంది, గద్దకీ కొంగకీ మిక్సీ వచ్చినంత పెట్టె కావాలి. పెన్సిలు దూరేంత రంధ్రాలు పక్కల నుంచి ముందే పొడిచి ఉంచండి, పక్షిని లోపల పెట్టాక పొడవకూడదు. పాత లుంగీ గానీ బెడ్‌షీటు ముక్క గానీ ఒకటి కావాలి. పోగులు లేచిన టర్కీ టవల్ వద్దు, గోళ్ళు అందులో ఇరుక్కుంటాయి. మొన బండగా ఉన్న చిన్న కత్తెర, తోటపనికి వాడే మందపాటి గ్లవ్స్ ఉంటే చాలు.

వీటికన్నా ముఖ్యం ఫోన్ నంబర్లు. మీ జిల్లా అటవీశాఖ నంబరు, మీ ఊళ్ళో పక్షుల్ని రక్షించే సంస్థ నంబరు, పక్షులకి వైద్యం చేసే డాక్టరు నంబరు ముందే రాసి పెట్టుకోండి. డాక్టరుకి ముందుగా ఫోన్ చేసి "మీరు పక్షుల్ని చూస్తారా అండీ, పండగ రోజు ఉంటారా?" అని అడగండి. సర్కారు పశువుల ఆసుపత్రుల్లో గేదెలకీ మేకలకీ, ప్రైవేటు క్లినిక్కుల్లో కుక్కలకీ పిల్లులకీ చూసేవాళ్ళే ఎక్కువ. భోగి నాడు రక్తమోడుతున్న గద్దని ఒళ్ళో పెట్టుకుని నాలుగు క్లినిక్కులు తిరగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఎగరేసేవాళ్ళకి

పక్షులు తెల్లారగానే గుంపులుగా మేతకి బయల్దేరతాయి, పొద్దు వాలాక చెట్లకి తిరిగొస్తాయి. ఆ రెండు వేళల్లో పతంగి దించెయ్యండి. గుజరాత్‌లో ఉత్తరాయణ్ రోజుల్లో ప్రభుత్వమే 'కరుణా అభియాన్' పేరుతో గాయపడ్డ పక్షుల కోసం వైద్య శిబిరాలు నడుపుతుంది, పొద్దునా సాయంత్రం ఎగరెయ్యొద్దని జనానికి చెబుతుంది. మన దగ్గర ఆ స్థాయిలో లేదు కాబట్టి మనకి మనమే పెట్టుకోవాలి: పొద్దున తొమ్మిదికి ముందు వద్దు, సాయంత్రం ఐదు తర్వాత వద్దు.

దీంతో అన్నీ క్షేమం అనుకోకండి. గద్దలు మధ్యాహ్నపు ఎండకి పైకి లేచే వేడిగాలిని పట్టుకుని చక్కర్లు కొడతాయి. సరిగ్గా పతంగులు ఎగిరే వేళ, పతంగులు ఎగిరే ఎత్తులోనే. అందుకే హైదరాబాద్‌లో మాంజాకి చిక్కేవాటిలో పావురాలతోపాటు గద్దలు ఎప్పుడూ ఉంటాయి. మీ దారం దగ్గరికి గద్ద వస్తోందంటే గుంజకండి, గుంజితే దారం రంపమవుతుంది. మెల్లగా చుట్టుకుంటూ పతంగిని కిందికి తెచ్చెయ్యండి.

చెరువు గట్ల మీద అసలు ఎగరెయ్యొద్దు. జనవరిలో మన చెరువులకి ఉత్తరాది నుంచీ మధ్య ఆసియా నుంచీ బాతులు వలస వస్తాయి. ఊరి మధ్య ఉన్నా 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువులాంటివి ఆ కాలంలో వాటికి మజిలీ. అంత దూరం ఎగిరొచ్చిన బాతు ఇక్కడి దారానికి పడిపోకూడదు.

ఇంకొకటి. పతంగి చెట్టుకి చిక్కితే అందరం చేసే పని దారాన్ని గట్టిగా లాగి తెంపెయ్యడం. తెగింది మన చేతిలో ఉంటుంది, పది గజాలు చెట్టు మీద ఉంటుంది. వీలైనంత వరకు పతంగితో సహా దించండి. దించలేకపోతే ఆ చెట్టు గుర్తు పెట్టుకోండి, పండగయ్యాక పనికొస్తుంది.

చెట్టుకి వేలాడుతున్న పక్షి కనబడితే

ముందు తలెత్తి చుట్టూ చూడండి. దారం కరెంటు తీగకి తగిలి ఉందా? తగిలి ఉంటే మీరు చెయ్యాల్సింది ఒక్కటే, కరెంటు వాళ్ళ నంబరు 1912కి ఫోన్ చేసి లైను ఆపించమని అడగడం. ఇనప రాడ్డు సరేసరి, వెదురు కర్ర కూడా వద్దు. పక్షి మీద జాలితో తీగ దగ్గరికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్న మనుషులున్నారు.

తీగ లేకపోతే, ఎంత ఎత్తు? మామూలు నిచ్చెనకి అందకపోతే అగ్నిమాపక శాఖకి 101కి గానీ రక్షించే సంస్థకి గానీ చెప్పండి. వాళ్ళొచ్చేదాకా కింద మూగిన జనాన్ని పక్కకి పంపడం మీ పని. అరుపులకీ ఫోన్ ఫ్లాష్‌లకీ బెదిరి గింజుకున్న ప్రతిసారీ దారం ఇంకాస్త లోపలికి దిగుతుంది.

మీకే అందే ఎత్తులో ఉంటే ఈ వరస తప్పకండి. నలుగురు చెట్టు కింద దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని నిలబడాలి. ఎక్కినవాళ్ళు మొదట పక్షిని గుడ్డతో కప్పి రెండు చేతులా పట్టుకోవాలి. బరువంతా చేతి మీదకి వచ్చాకే దారం కొయ్యాలి, ముందు కోస్తే పడిపోతుంది, కొయ్యకుండా లాగితే రెక్క తెగుతుంది, నేను చేసిందీ అదే. దారాన్ని ఒంటికి జానెడు దూరంలో కత్తిరించండి. ఒంటికి చుట్టుకున్నది అలాగే ఉండనివ్వండి. విప్పాలని మనకి చేతులు దురద పెడతాయి. రెక్క ముందు అంచున భుజానికీ మణికట్టుకీ మధ్య పలచని చర్మపు పొర ఒకటి ఉంటుంది, పక్షి ఎగరడానికి అదే ఆధారం. మాంజా ఎక్కువగా కోసేది దాన్నే. విప్పేటప్పుడు అది ఇంకా చిరిగితే డాక్టరు కూడా కుట్టలేని పరిస్థితి వస్తుంది.

నేల మీద పడి ఉన్నదాన్ని పట్టుకోవాలంటే వెనక నుంచి మెల్లగా వెళ్ళి తల మీద గుడ్డ వెయ్యండి. చీకటి పడిందనుకుని చాలావరకు సద్దుమణుగుతుంది. రెక్కలు ఒంటికి ముడిచి పట్టుకోండి, కానీ రొమ్ము నొక్కకండి. మనకి ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ పక్షులకి లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. జారిపోతుందేమోనని గట్టిగా అదిమి పట్టుకుని, తెలియకుండానే ఊపిరాడకుండా చంపేసేవాళ్ళున్నారు.

గద్దకైతే ముక్కు కన్నా కాళ్ళు ప్రమాదం, గోళ్ళు దిగితే వదలదు. గ్లవ్స్ వేసుకుని ముందు కాళ్ళు పట్టుకోండి. కొంగ విషయంలో భయపడాల్సింది ముక్కుకి. అది నేరుగా కంటి మీదకి పొడుస్తుంది, మెరుపులా. మొహానికి దూరంగా పట్టుకోండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. గుడ్లగూబ దొరికితే పట్టుకోవడం కష్టం కాదు, ఇంట్లో వాళ్ళని ఒప్పించడం కష్టం. "పండగ పూట గుడ్లగూబని గుమ్మంలోకి తెస్తావా?" అని మా అత్తయ్య తలుపేసేశారు. ఆ రాత్రి పెట్టె లిఫ్టు పక్కన వాచ్‌మన్ కుర్చీ కింద ఉంది. పాపం వాచ్‌మన్ ఏమీ అనలేదు.

పెట్టెలో పెట్టాక

పెట్టె మూత వెయ్యండి, చప్పుడు లేని చోట పెట్టండి. ఇక మాటిమాటికీ తెరిచి చూడొద్దు. అడవి పక్షికి మనిషి మొహం ఓదార్పు కాదు, టెన్షన్.

నీళ్ళు పొయ్యొద్దు. పక్షి నోట్లో నాలుక మొదట్లోనే గాలిగొట్టం రంధ్రం ఉంటుంది. పైనుంచి పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నా పావురం అలాగే పోయింది. పాలు, అన్నం, నానబెట్టిన రొట్టె కూడా వద్దు. దెబ్బ తగిలిన ఒంటికి ముందు వెచ్చదనం కావాలి. గోరువెచ్చటి నీళ్ళు పట్టిన సీసాకి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి, మొత్తం ఆక్రమించకుండా. వేడి ఎక్కువనిపిస్తే అది రెండో పక్కకి జరగడానికి చోటుండాలి.

పసుపు పెట్టొద్దు. మన ఇళ్ళల్లో ఇది చెబితే ఎవరూ నమ్మరు. పసుపైనా, కొబ్బరినూనైనా, ఆయింట్‌మెంట్ అయినా ఈకలకి అంటుకుంటే అవి అట్టకడతాయి. ఒంటి వెచ్చదనం నిలిపేవి ఈకలే. పైగా డాక్టరు కుట్లు వెయ్యడానికి ముందు అదంతా కడగాలి, దాంతో పక్షికి మళ్ళీ నరకం. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు మెల్లగా అదిమి ఉంచండి. మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది మళ్ళీ ఊడుతుంది.

పైకి గాయం కనబడకపోతే "బాగానే ఉంది, ఎగరేద్దాం" అనిపిస్తుంది. మేడ మీదికి తీసుకెళ్ళి గాల్లోకి విసిరేసేవాళ్ళని చూశాను. గంటల తరబడి దారం బిగిసిన చోట రక్తం ఆడక కండ చచ్చుబడుతుంది, అది ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు. డాక్టరు చూసి వదలమన్నాకే వదలాలి. గద్దలాంటి పెద్ద పక్షి ఒక రాత్రి తిండి లేకుండా ఉండగలదు. పిచ్చుక, పికిలిపిట్ట లాంటి చిన్న పిట్టల్ని మాత్రం ఆ రోజే చేర్చండి.

చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల్ని పెట్టె దగ్గరికి రానివ్వకండి. చచ్చిపోయిన పక్షిని ఉత్త చేతులతో తాకొద్దు.

అప్పగించడం

కోలుకున్న రామచిలుకని చూస్తే ఎవరికైనా ఉంచేసుకోవాలనిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గాయపడి చేతికొచ్చిన అడవి పక్షి ప్రభుత్వ ఆస్తి. అలాంటిది మీ దగ్గరుంటే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి గానీ అటవీ అధికారికి గానీ తెలపాలి. కాపాడినందుకు కేసు పెడతారేమో అని కొందరు ఫోన్ చెయ్యడానికి జంకుతారు. ఫోన్ చేసి చెప్పినవాళ్ళకి ఆ భయం అక్కర్లేదు, చెప్పకుండా పంజరంలో పెట్టుకుంటేనే చిక్కు.

అప్పగించేటప్పుడు ఒక కాగితం మీద ఏ రోజు, ఏ వేళ, ఏ చెట్టు దగ్గర దొరికిందో రాసి పెట్టెకి అంటించండి. బాగయ్యాక దొరికిన చోటే వదిలితే మంచిది. దాని గూడూ జోడూ అక్కడే ఉంటాయి.

కనుమ మర్నాడు

ఇక మొదట్లో చెప్పిన మాటకి వస్తాను. పండగ నాడు గాల్లో ఉన్న దారం రాత్రికి దిగిపోతుంది. చెట్టుకి చుట్టుకున్న ప్లాస్టిక్ దారం అలా దిగదు. ఎండకి రంగు పోతుంది, అంతే. రంగు పోయాక ఇంకా కనబడదు, అది ఇంకా ప్రమాదం. పైగా గద్దలు గూడు పెట్టేది ఈ చలికాలంలోనే. గూట్లో మెత్తగా ఉండడానికి గుడ్డ పీలికలు, దారాలు ఏరుకొస్తాయి. ఆ తర్వాత కాకులు మొదలుపెడతాయి. అలా గూట్లోకి చేరిన మాంజా పిల్లల కాళ్ళకి చుట్టుకుంటుంది. కాలు పెరుగుతుంది, దారం పెరగదు.

కావాల్సింది ఒక దోటి. మామిడికాయలు కోసే దోటి ఉంటే అదే చాలు, లేదంటే పొడవాటి గడకర్ర కొసకి కొక్కెం కట్టండి. దారాన్ని కొక్కేనికి తగిలించి కిందికి లాగకండి, గడని గుండ్రంగా తిప్పండి. సేమియా ఫోర్కుకి చుట్టుకున్నట్టు దారం గడకి చుట్టుకుంటూ వస్తుంది, కొమ్మ విరగదు, దారం మధ్యలో తెగదు. ఈ కిటుకు మాకు చెప్పింది పతంగులు పట్టుకోడానికి గడలేసుకుని వీధులెంట పరిగెత్తే పిల్లలే.

పది గంటలకి మొదలుపెట్టి సాయంత్రం పక్షులు చెట్లకి చేరేలోపు ముగించండి. ఒక చెట్టు దగ్గరికి వెళ్ళగానే గద్ద గానీ కాకి గానీ తల మీదికి దూసుకొస్తుంటే అక్కడ గూడుందని అర్థం. ఆ చెట్టుని వదిలెయ్యండి, గద్ద లేచిపోతే గుడ్లు చల్లారిపోతాయి. కరెంటు స్తంభాలకి ఉన్నదేదీ ముట్టుకోవద్దు, ఆ స్తంభాలకే వేలాడే కేబుల్ టీవీ వైర్లు కూడా. మొదట చూడాల్సినవి మర్రి, రావి లాంటి పెద్ద చెట్లు, పక్షులు రాత్రి గుంపుగా పడుకునేది వాటి మీదే. తర్వాత మేడల మీద ట్యాంకులు, డిష్ యాంటెనాలు, పిట్టగోడ కడ్డీలు. మేడ మీద దొరికినంత దారం చెట్ల మీద కూడా దొరకదు, ఎందుకంటే ఎగరేసినవాళ్ళు మిగిలింది అక్కడే పడేసి పులిహోర తినడానికి కిందికి దిగిపోతారు.

తీసిన దారాన్ని ఉండలా చుట్టి చెత్తబుట్టలో పడేస్తే పని సగమే అయినట్టు. డంపింగ్ యార్డులో కాకులూ గద్దలూ కొంగలూ వాలేది ఆ చెత్త మీదే. ఉండని కత్తెరతో బెత్తెడు కన్నా చిన్న ముక్కలుగా కోసి, సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి, పొడి చెత్తలో ఇవ్వండి. కాల్చొద్దు, ప్లాస్టిక్ పొగ మన ముక్కులోకే వస్తుంది.

పిల్లల్ని కలుపుకోండి, గ్లవ్స్ వేసి. మా కాలనీలో క్రికెట్ బంతి అంత దారం ఉండ తెస్తే ఒక ఐస్‌క్రీం అని పెట్టాం. మొదటి ఏడాది బడ్జెట్ దాటిపోయింది. రెండో ఏడు ఒకడు దారం చుట్టిన కొత్త చరఖా మొత్తం విప్పి ఉండ చుట్టి తెచ్చాడు. అప్పటి నుంచి ఆకు గానీ పుల్ల గానీ అంటుకుని ఉన్న దారానికే ఐస్‌క్రీం.

ఒక్క రోజుతో అంతా రాదు, ఆకుల్లో దాక్కున్నది కొంత ఉండిపోతుంది. శివరాత్రి రోజులకి వేప ఆకు రాలుస్తుంది. అప్పుడు కొమ్మలన్నీ బోసిగా ఉండి, జనవరిలో మీ కంటికి కనబడని దారం ఎండకి మెరుస్తూ తేలిగ్గా కనబడుతుంది. నా పావురం వేలాడిందీ అలాంటి రోజుల్లోనే. దోటి తీసుకుని అప్పుడు రెండోసారి తిరగండి, అంతకు ముందు గుర్తు పెట్టుకున్న చెట్లతో మొదలుపెట్టండి. ఉగాది పచ్చడికి పువ్వు కోసుకునే వేళకి చెట్టు మళ్ళీ చిగురేసి నిండిపోతుంది, ఇక ఏమీ కనబడదు.